పీట కింద ఇటుకలు

పదవీ విరమణ చేసి ఇంట్లో కూర్చున్నాక నాకు అర్థమైన సంగతి ఒకటుంది. ఉద్యోగం మనల్ని వదిలేస్తుంది గాని జనం వదలరు. పెళ్ళిలో అక్షింతలు వేసి వెనక్కి తిరిగేలోపు ఎవరో ఒకరు మోకాలు చూపిస్తారు. మొన్న కూరగాయల అంగట్లో ఒకామె సంచీ కింద పెట్టి, నడుం పట్టుకుని, ఎక్కడ లాగుతున్నదో అందరి ముందే వంగి చూపించింది. నేను సర్కారు దవాఖానల్లో ఫిజియోథెరపిస్టుగా పనిచేశాను. విరిగి అతికిన వాళ్ళను, పక్షవాతం వచ్చిన వాళ్ళను మళ్ళీ నడిపించడం మా పని. మహబూబ్‌నగర్ వైపు కొన్నేళ్ళు, నల్గొండ వైపు కొన్నేళ్ళు, నా సర్వీసంతా ఈ ఎర్రనేల మీదే గడిచింది.

ఇప్పుడు మీలాంటి చిన్నవాళ్ళు నన్ను అడిగేది ఒకటే. "మేడం, ముసలితనంలో గట్టిగా ఉండాలంటే ఏం తినాలి?" అడగడమే కాదు, ఫోనులో వీడియోలు కూడా చూపిస్తారు. మెంతులు నానబెట్టి తాగమని ఒకాయన, తాగితే కొంప మునుగుతుందని ఇంకొకాయన. ఆ తగువు తీర్చడం నా వల్ల కాదు. నాకు తెలిసింది ఒక అవ్వ. ఆమె సంగతి చెప్తాను. అందులో మీకు పనికొచ్చేది ఏమన్నా ఉంటే తీసుకోండి.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు, నేను దేవరకొండ వైపు ఉన్నప్పటి మాట. పత్తి ఏరే చలికాలం. ఒక పొద్దున ఆమెను ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చారు. తుంటి దగ్గర ఎముక విరిగింది. వయసెంత అని అడిగితే కొడుకు నసుగుతున్నాడు. ఆమే చెప్పింది.

"రజాకార్ల గడబిడప్పుడు మేకలు గాస్తున్న బిడ్డా. లెక్క నువ్వే జేస్కో."

లెక్క చేస్తే ఎనభైకి దగ్గర. ఎట్లా పడ్డావు అవ్వా అంటే, అంత నొప్పిలోనూ నవ్వింది.

"బతుకంత గుట్టల మీద, గట్ల మీద తిరిగిన, ఎన్నడు పడలే. నా కొడుకు తానాల గదిల నున్నటి బండలేపిచ్చిండు. గాడ పడ్డ."

కొడుకు తల వంచుకున్నాడు. రెండు పంటలు కలిసొచ్చి, పాత ఇల్లు తీసేసి స్లాబు వేసుకున్నారు. ఆ నున్నటి టైల్సు తల్లి సుఖం కోసమే వేయించాడు.

మా ఎముకల డాక్టరు కోస్తా నుంచి వచ్చినాయన. చిన్న వయసే గాని చెయ్యి మంచిది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశాడు. అయిపోయాక చెమట తుడుచుకుంటూ నా గదికి వచ్చాడు. "మేడమ్, ఈవిడ ఎముక ఎంత గట్టిగా ఉందో చెప్పలేనండీ. డ్రిల్లు దిగడానికి మొరాయించింది. ఈ వయసులో ఇలాంటి ఎముక నేనెప్పుడూ చూడలేదు."

మా జిల్లాలో ఎముక గట్టిగా ఉందంటే వెంటనే సంతోషపడే వీలు లేదు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు బిగుసుకుపోయి, నలభై ఏళ్ళకే మెడ తిప్పలేక, నడుం వంగి చేతికర్ర పట్టుకున్న వాళ్ళను ఎంతమందిని చూశానో. వాళ్ళు ఏ తప్పు చేశారని? అందుకే ముందు ఆమె ఊరి నీళ్ళ గురించి అడిగాను. గుట్ట కింది ఊరు, ఊటబావి నీళ్ళు తీపి, ఆ పీడ లేదు. కీళ్ళన్నీ పట్టు లేకుండా కదులుతున్నాయి. మంచి అలవాట్ల గురించి మాట్లాడేటప్పుడు ముందు మంచి నీళ్ళు దొరికిన అదృష్టం గురించి కూడా మాట్లాడాలి. ఆ మాట మర్చిపోకండి.

మర్నాడు ఆమెను లేపి నిలబెట్టే పని నాది. మంచం పక్కన నిలబడి ఆమె తొడ మీద చెయ్యి వేశాను. ముడతలు పడ్డ తోలు, దాని కింద పేనిన మోకులాగా కండ. "లే అవ్వా, నొప్పి ఉంటది, నా భుజం పట్టుకో" అన్నాను. భుజం పట్టుకోలేదు. వాకర్ మీద రెండు చేతులు వేసి, పళ్ళు బిగించి, లేచి నిలబడింది. వార్డులో పక్క మంచాల వాళ్ళు తినేది ఆపి చూశారు. ఎంతోమందిని నిలబెట్టిన దాన్ని, అయినా ఆ పూట ఆమెకు దండం పెట్టబుద్ధయింది.

నిలబడి ఊపిరి తీసుకుని ఆమె అడిగిన మొదటి మాట ఇది.

"సీతపలకాయల వరకు నన్ను గుట్ట ఎక్కిస్తవా బిడ్డా?"

ఏటా వానలు వెనకపట్టగానే, తాను సోపతి అని పిలుచుకునే స్నేహితురాలు, ఎదురింటి అవ్వతో కలిసి గుట్ట మీదికి పోయి సీతాఫలాలు తెంపుకొచ్చేదట. వరిగడ్డిలో మాగబెట్టి వాడకట్టు పిల్లలకు పంచేదట. అమ్మేది కాదు. పెళ్ళై వచ్చినప్పటి నుంచి ఒక్క ఏడూ తప్పలేదన్నది. "ఎక్కిస్త" అన్నాను. ఆ ముఖం చూసి ఇంకో మాట అనలేకపోయాను.

ఇంటికి పంపేటప్పుడు కొడుక్కూ కోడలికీ జాగ్రత్తలు చెప్పాం. ఎముక అతికేదాకా కింద కూర్చోబెట్టవద్దు, వాకర్‌తో ఇంట్లో నడిపించండి. వాళ్ళ చెవికెక్కింది మొదటి సగమే.

ఎండలు ముదిరాక మళ్ళీ తీసుకొచ్చారు. కొడుకు రెండు చేతుల మీద ఎత్తుకుని వచ్చాడు. ఎక్స్‌రే చూసిన మా డాక్టరు సంతోషంగా, "బ్రహ్మాండంగా అతికిందండీ, నా పని అయిపోయింది" అన్నాడు. నేను చీర మీద నుంచే తొడ తడిమి చూశాను. మోకు లేదు. ఏదో మెత్తగా చేతికి తగిలి జారిపోయింది. ఒళ్ళు శుభ్రంగా ఉంది, తలకు నూనె రాసి దువ్వి ఉంది, వీపు మీద ఒక్క పుండు లేదు. బంగారంలాగా చూసుకున్నారు. అంత బాగా చూసుకోవడం వల్లనే ఆమె నిలబడలేకపోతున్నది.

రోజు విడిచి రోజు నా గదికి తెమ్మన్నాను. మా గదిలో ఒక సైకిలుండేది. ఎంత తొక్కినా ఉన్నచోటే ఉంటుంది. అవ్వ దాన్ని చాలాసేపు చూసింది.

"ఏడికి పోని సైకిల్ తొక్కుడెందుకు బిడ్డా?"

"కాళ్ళకు బలం కోసం అవ్వా."

"బలమొచ్చినంక ఏం జెయ్యాలె? మల్ల ఇదే తొక్కాల్నా?"

కాలు చాపు, ముడువు, లెక్కపెట్టు అంటే నా మనసు నొప్పించడం ఇష్టం లేక కాసేపు చేసేది. తర్వాత ఆపేసి గోడ వైపు చూసేది. ఉత్తగా కాళ్ళు చేతులు ఊపడం ఆమెకు సిగ్గుగా ఉండేది. కోపం నా ముక్కు మీదే ఉంటుందని దవాఖానంతటికీ తెలుసు. ఒకరోజు గట్టిగానే అన్నాను, చెప్పింది చెయ్యకపోతే గుట్ట మాట మర్చిపో అని. ఆమె చాలా నెమ్మదిగా జవాబు చెప్పింది.

"గ్లాసెడు నీళ్ళు గూడ కోడలే ఇస్తాంది. నేను లేస్తె ఎంత, లేవకుంటె ఎంత?"

బయట కొడుకు నన్ను పక్కకు పిలిచాడు. "ఇగ లేస్తదా మేడం? లేవదంటె చెప్పుండ్రి. మాకేం బరువు గాదు, మేం చూసుకుంటం." ఆ మనిషి నిజంగానే అన్నాడు, ప్రేమతోనే అన్నాడు. ఆ మాట వింటే నాకు భయం వేసింది. ఇట్లా ప్రేమగా చూసుకుంటూనే మంచంలోనే ఆఖరైన వాళ్ళు నా సర్వీసులో చాలామంది ఉన్నారు.

ఆ ఆదివారం బస్సెక్కి వాళ్ళ ఊరికి పోయాను. రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మని పైవాళ్ళూ చెప్పలేదు. ఇంట్లో ఏం జరుగుతున్నదో నా కళ్ళతో చూడాలనిపించింది.

కొత్త స్లాబింట్లో ఫ్యాను కింద అవ్వ మంచం. పక్కనే దొడ్డికి కూర్చోవడానికి నడిమి తొలిచిన కుర్చీ, చెయ్యి చాపితే అందేలా నీళ్ళ సీసా, ఎదురుగా టీవీ. అన్నం మెత్తగా పిసికి పెడుతున్నారు, మధ్యమధ్యలో చాయలో బిస్కెట్లు. పెరట్లో విసుర్రాయిని గోడకు ఆనించారు. దాని మీద ఒక కోడి పడుకుని ఉంది. మేకలను అమ్మేశారు. ఇల్లు కట్టగా మిగిలిన ఇటుకలు ఒక మూలన పేర్చి ఉన్నాయి.

నేను కూర్చున్న కాసేపటికి ఎదురింటి సోపతి అవ్వ వచ్చింది. ఇద్దరిదీ ఒకటే ఈడు. ఒకటే ఏడు ఈ ఊరికి కోడళ్ళై వచ్చారు. ఆమె గడప దాటి వచ్చి, దేనికీ చెయ్యి ఆనించకుండా, నిలబడ్డ చోటనే కిందికి దిగి గొంతుక్కూర్చుంది. ముచ్చట పెడుతూ పెడుతూ వాకిట్లోకి వచ్చిన పిల్లిని అదిలించడానికి లేచింది, మళ్ళీ కూర్చుంది, ఆకు వక్క కోసం మళ్ళీ లేచింది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. మా పుస్తకాల్లో ఇది పెద్ద పరీక్ష. చేతులు ఆనకుండా నేల మీద నుంచి లేవగలిగిన ముసలివాళ్ళను చూస్తే మాకు ధైర్యం. ఆమె అది పరీక్ష అని తెలియకుండానే గంటలో ఎన్నిసార్లు పాసైందో. అప్పటికే నేను చెప్పు వేసుకోవాలంటే గోడ పట్టుకునేదాన్ని.

"రోజూ ఏం జేస్తవు అవ్వా?" అని అడిగాను.

"ఏం జేస్త? ఏం జెయ్య బిడ్డా. ఊకెనే ఉంట."

"పొద్దుగాల లేవంగనే?"

"పొద్దుగాల లేస్త. వాకిలూడ్చి సాన్పి జల్లుత. గింత జొన్న గటుక తాగుత, సల్ల వోసుకోని. చెలకల కలుపుంటె తీస్త, లేకుంటె లేదు. ఎండెక్కినంక పల్లికాయ ఒలుస్త. పొద్దుమూకకముందే రొట్టె తిని, ఈ అరుగు మీద కూసోని వచ్చేటోళ్ళతోని పొయ్యేటోళ్ళతోని ముచ్చట పెడుత. నిద్దరొస్తె పంట. గంతే. ఏం లేదు."

ఆమె 'ఏం లేదు' అన్నదాన్ని నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. తెల్లవారి లేచింది మొదలు పడుకునేదాకా ఆ ఒళ్ళు వంగుతూ లేస్తూ ఉన్నది. పొట్ట బరువెక్కేదాకా తినదు. మనసులో ఉన్నది మనసులో ఉంచుకోదు, అరుగు మీద పోసేస్తుంది. ఇదంతా ఆరోగ్యం కోసం చేస్తున్నానన్న తలపు ఆమెకు ఒక్కనాడూ రాలేదు. మంచంలో ఉన్న మన అవ్వ కూడా నున్నటి టైల్స్ మీద జారిపడే పొద్దుదాకా ఇట్లాగే బతికింది. ఆ ఎముకను, ఆ తొడను అంత గట్టిగా కట్టింది ఆ బతుకే. ఇన్నేళ్ళు కట్టింది నాలుగు నెలల్లో కరిగిపోయింది.

వంటింట్లో కోడలితో మాట్లాడాను. యాభై దాటిన మనిషి, షుగరు, మోకాళ్ళ నొప్పులు. అత్తకు చిన్న చిన్న పనులు ఇవ్వమ్మా అన్నాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేను కూసోని, కాలిరిగిన అత్తతోని పని జేపిస్తె వాడకట్టంత నా ముఖాన ఉమ్మెయ్యరా మేడం? ఇన్నాళ్ళు మంచిగ చూసుకుంటాందని అందరు మెచ్చుకుంటున్నరు."

అప్పుడు నాకు అర్థమైంది. నేను ఇన్ని రోజులు తొడ కండతో కుస్తీ పడుతున్నాను. అడ్డం పడింది అక్కడ కాదు. అత్తను మంచం దిగనియ్యకపోవడం కోడలి మర్యాద. అత్త చీపురు పట్టుకుంటే కోడలి పరువు పోయినట్టే. ఈ ముడి విప్పకుండా నా వ్యాయామాలు ఎన్ని చెప్పినా గాలికి పోతాయి.

సంచిలో తెల్లకోటు ఉంది. ఆ ఎండలో దాన్ని తొడుక్కుని అరుగు మీదికి వచ్చి నిలబడ్డాను. చెమటలు కారుతున్నాయి. సర్కారు మనిషి కోటేసుకుని నిలబడితే వాడకట్టు ఆడవాళ్ళు రాకుండా ఉంటారా? వచ్చారు. నా గొంతు సంగతి మీకు తెలియదు గాని వార్డు ఆ చివర నుంచి ఈ చివరకు వినబడేది.

"అందరు ఇనుండ్రి. ఇయ్యాల్టి సంది ఈ అవ్వ పల్లికాయ ఒలిచినా, రొట్టె తట్టినా, వాకిలూడ్చినా అది పని గాదు, దవాఖాన మందు. నేను రాసిన మందు. కోడలు తాపకుంటె నేనొచ్చి కోడల్ని అడుగుత. ఎవరన్న కోడల్ని ఒక్క మాటన్నరనుకో, వాళ్ళకు గూడ ఇదే మందు రాస్త."

నవ్వులు లేచాయి. సోపతి అవ్వ అందరికంటే పెద్దగా నవ్వింది. లోపల మంచం మీద అవ్వ మాత్రం నవ్వలేదు. నా వైపే కన్నార్పకుండా చూస్తున్నది.

పీట ఒకటి తెప్పించి, ఆ మూలన ఉన్న ఇటుకలను దాని కింద వరుసలుగా పేర్పించాను. దాదాపు కుర్చీ ఎత్తయింది. పక్కన పట్టుకోవడానికి గోడ. ఆ పీట మీద కూర్చుని అవ్వ పల్లికాయ ఒలవాలి, ఒలిచిన గిన్నె లేచి పోయి వంటింటి గట్టు మీద పెట్టి రావాలి. కాళ్ళు కుదురుకున్న కొద్దీ ఒక్కో వరుస ఇటుకలు తీసెయ్యాలి. ఇంతే నేను చెప్పిన వైద్యం.

మొదట్లో లేవలేక ఏడ్చింది. ఎవరూ వినకూడదని చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కాని గిన్నె మాత్రం గట్టు దాకా చేరేది. ఎందుకంటే ఆ పల్లీలు ఆ పూట తొక్కులోకి, అంటే పచ్చడిలోకి, కావాలి, అవి రాకపోతే ఇంట్లో తినేవాళ్ళకు తొక్కు లేదు. నా సైకిల్ ఇవ్వలేనిది అదే. కొన్నాళ్ళకు బిస్కెట్లు వద్దని గటుక అడిగిందట. సాయంత్రం సోపతి అవ్వ వచ్చి భుజం ఇచ్చి అరుగు మీదికి తీసుకుపోయేదట.

మధ్యలో ఒకసారి కోడలు ఫోను చేసింది. అత్త పీట మీద నుంచి జారి కింద కూలబడిందట, దెబ్బ తగల్లేదు గాని భయపడి ఇటుకలన్నీ మళ్ళీ పెట్టేశామన్నది. "ఇగ వద్దు మేడం, నాతోని గాదు" అన్నది. నేను ఏం చెప్పినా వినలేదు. తర్వాతి ఆదివారం పోయి చూస్తే పీట కింద ఒక వరుస తక్కువగా ఉంది. ఎవరు తీశారని అడిగితే కోడలు తెల్లముఖం వేసింది. పెరట్లో చూస్తే ఆ ఇటుకలు కోళ్ళ గూటికి అడ్డం పెట్టి ఉన్నాయి. ఎవరూ చూడనప్పుడు వాకర్ పట్టుకుని ఒక్కొక్కటే కొంగులో కట్టి మోసుకుపోయి అవ్వే అక్కడ పెట్టింది. అడిగితే, "పిల్లొచ్చి కోడిపిల్లలను ఎత్కపోతాంది" అన్నది, ముఖం ఎటో తిప్పుకుని.

వానలు పడేనాటికి పీట నేలకు ఆనింది. వాకర్ పోయి కర్ర వచ్చింది. దవాఖానకు తన కాళ్ళ మీద నడిచి వస్తే మా డాక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎక్స్‌రేల కోసం చెయ్యి చాపబోయి, మళ్ళీ తీసేసుకున్నాడు. "ఏమండీ, దీంట్లో నా రాడ్డు పాత్ర ఎంత?" అని నన్ను అడిగాడు. "రాడ్డు లేకపోతే లేచేదే కాదు డాక్టరు గారూ" అన్నాను. అది నిజం. కాని ఒక్క రాడ్డుతోనే లేచింది కాదని ఆయనకూ తెలుసు.

సీతాఫలాల కాలం వచ్చింది. కొడుకు నుంచి ఫోను, అమ్మ రమ్మంటుందని. పోయాను. సోపతి అవ్వ ముందు నడిచింది, కాసేపటికే పొదల్లో మాయమైపోయింది. పైనుంచి ఆమె మాటలు వినబడుతున్నాయి, ఎవరితోనో కాదు, కాయలతోనే మాట్లాడుతున్నది. వెనక కర్ర ఆనించుకుంటూ మా అవ్వ, ఆమె వెనక ఆయాసపడుతూ కోడలు, అందరి వెనక నేను. నా ఆయాసం గురించి చెప్పడం మొదలుపెడితే ఈ కథ పూర్తి కాదు.

సగం ఎక్కాక ఒక పొద దగ్గర అవ్వ ఆగింది. కింది కొమ్మకు ఒక కాయ కండ్లు తెరిచి ఉంది, గళ్ళ మధ్య గీతలు తెల్లగా విచ్చుకుని. అట్లాంటి కాయ తెంపితే గడ్డిలో మాగుతుంది. అవ్వ కర్రను దూరంగా ఒక బండకు ఆనించింది. చీర కొంచెం ఎగదోపుకుని, నెమ్మదిగా, మడమలు నేలకు ఆనేలా గొంతుక్కూర్చుంది. కాయ తెంపి గంపలో వేసుకుంది. ఇంకోటి తెంపింది. ఇక లేవాలి. పక్కన గోడ లేదు, పీట లేదు, కర్ర అందదు.

కోడలి చెయ్యి తనంతట తనే ముందుకు పోయింది. నేను ఆ మణికట్టు పట్టుకుని ఆపేశాను. నా వేళ్ళ కింద ఆమె నాడి దడదడ కొట్టుకుంటున్నది. అవ్వ లేవబోయింది, సగం లేచి మళ్ళీ కూలబడింది. "ఇడువుండ్రి మేడం, పడ్తది" అని కోడలు గుసగుసగా అన్నది, చెయ్యి గుంజుకుంటూ. పడితే ఆ పాపం నాదే. అయినా వదల్లేదు. అవ్వ కాళ్ళు కొంచెం ఎడంగా జరిపింది, గంపను రొమ్ముకు హత్తుకుంది, ముందుకు వంగింది. తొడలు వణికాయి. ఆ వణుకుతోనే, దేన్నీ పట్టుకోకుండా, లేచి నిలబడింది.

కోడలు ఏడుస్తున్నది. నేను కూడా. నాకు మళ్ళీ వార్డులో మొదటి పొద్దులాగే దండం పెట్టబుద్ధయింది, ఈసారి నిజంగానే చేతులు జోడించాను. అవ్వ వెనక్కి తిరిగి మమ్మల్ని ఇద్దరినీ పైనుంచి కిందిదాకా చూసింది. ఆయాసంతో రొప్పుతూ, మోకాళ్ళు పట్టుకుని నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళం.

"అరుగు మీద నిలవడి మందు మందు అని ఒర్రితివి గదా బిడ్డా," అన్నది నాతో, కోడలి వైపు గడ్డం చూపిస్తూ. "అది ఉత్త మాటని నాకు తెల్వదనుకుంటివా? జర దీనికి గూడ గదే రాసియ్యి. నీకు సుత రాస్కో."

గుట్ట దిగి ఇంటికి చేరేసరికి ఎండ వాలింది. కాయలను గడ్డిలో సర్దడం అయ్యాక కోడలు పెరట్లోకి పోయి, కోళ్ళ గూటి దగ్గరి ఇటుకలు ఒక్కొక్కటే తెచ్చి కడిగింది. పీట కింద పేర్చుకుని, గోడ పట్టుకుని మెల్లగా దాని మీద కూర్చుంది. అవ్వ ఎదురుగా నేల మీద కూర్చుని, చాటలో పల్లికాయ పోసి ఆమె ముందుకు జరిపింది.